ప్లగ్గు పరీక్ష — ఒక విమర్శ

పాత పెట్రోలు జీపు గాని, పాయింట్లు గల అంబాసిడరు కారు గాని స్టార్టు కాక మొరాయించినపుడు మెకానిక్కు మొదట చేయు పని అందరికీ తెలిసినదే. ఒక ప్లగ్గు విప్పి, దాని తీగను మరల తగిలించి, ప్లగ్గు ఒంటిని ఇంజను ఇనుముపై ఆనించి, పక్కవానిని సెల్ఫు కొట్టమనును. ప్లగ్గు కొసన చిటచిటమని నిప్పురవ్వ కనబడినచో "కరెంటు బాగానే ఉన్నది, ఇక పెట్రోలే చూడవలె" నని కార్బురేటరు విప్ప మొదలిడును. మార్కాపురములో నైనను, కంభములో నైనను, గిద్దలూరులో నైనను ఈ పరీక్షకు గల పలుకుబడి ఇంతంత కాదు. అట్టి దానిని ఒకసారి గీటురాయిపై పెట్టి చూచుట అవసరము. ఏలయన, ఈ పరీక్ష అడుగుచున్న ప్రశ్న వేరు. ఇంజను అడుగుచున్న ప్రశ్న వేరు.

మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు 1970 వరకు కర్నూలు జిల్లాలో నుండి, ఆ యేట ఏర్పడిన కొత్త జిల్లాలో చేరినవి. దోర్నాల మీదుగా శ్రీశైలమునకు, నందికనుమ మీదుగా నంద్యాలకు పోవు దారులు రెండును నల్లమల నెక్కి దిగునవే. ఎండకు కాగిన బండిని ఘాటు మొదట టీ దుకాణము వద్ద పది నిమిషములు ఆపి, తిరిగి బయలుదేరబోగా అది కదలకుండుట పాత బండ్లకు సహజమైన జబ్బు. 1957లో మొదలైన అంబాసిడరు తయారీ 2014లో నిలిచిపోయినది. పాయింట్ల కాలము నాటి బండ్లు నేడు ముచ్చటపడి ఉంచుకొన్నవారి వద్ద మాత్రమే మిగిలినవి. బండి అరుదైనదైనను అది నేర్పు పాఠము అరుదైనది కాదు.

ప్లగ్గు కొసన రెండు లోహపు మొనల మధ్య ఎడము సుమారు 0.6 మిల్లీమీటరు. బయటి గాలిలో ఆ ఎడమును దాటుటకు నిప్పురవ్వకు ఇంచుమించు 3,000 వోల్టులు చాలును. కాని సిలిండరులో సంగతి వేరు. అచ్చట నిప్పు పుట్టవలసిన క్షణమునకు ముషలకము పైకి వచ్చి గాలిని దాదాపు ఏడవవంతు చోటులోనికి నొక్కి యుండును. అదే 0.6 మిల్లీమీటరులో ఇప్పుడు గాలి అణువులు సుమారు ఏడు రెట్లు. జర్మను శాస్త్రజ్ఞుడు పాషెన్ 1889లో కనుగొన్న నియమమిది: నిప్పురవ్వ దూకుటకు కావలసిన వోల్టేజి ఎడముపై మాత్రమే గాక, ఎడమును వాయుపీడనముచే గుణించగా వచ్చిన లబ్ధముపై ఆధారపడును. సరిగా చెప్పవలెనన్న, పీడనమునకు మారుగా వాయుసాంద్రతను తీసికొనవలె. కనుక లోపల కావలసినది మూడు వేలు కాదు. పదివేల వోల్టులకు అటునిటు.

బయట ప్లగ్గు వెలిగినదని లోపల వెలుగునని నమ్ముట, చదునునేలపై బండి లాగిన ఎద్దు నందికనుమ ఎక్కితీరునని పందెము కాచుట వంటిది.

ఇందుచేత ఈ పరీక్ష పనికిమాలినదని కాదు. బయట కూడ నిప్పురవ్వ రానిచో లోపల రానే రాదు. ఆ జవాబు నమ్మదగినది. "లేదు" అన్నపుడు నిజము చెప్పును. "ఉన్నది" అన్నపుడు మాత్రము దాని మాట పూర్తిగా నమ్మరాదు. చిక్కంతయు ఇక్కడనే. సగము మాత్రమే నిజము చెప్పు పరీక్షను వాడుకలో సంపూర్ణ పరీక్షగా చలామణి చేయుచున్నారు.

ఈ లోపము ఎంతటిదో లెక్క వేసి చూడవచ్చును. హైస్కూలు విద్యార్థికి తెలిసిన గణితమే చాలును. చల్లగా, మంచి స్థితిలో ఉన్న కాయిలు 12 వోల్టుల బ్యాటరీపై 20,000 వోల్టుల దాకా ఇచ్చుననుకొందము. రాగి తీగ నిరోధము ఒక్కొక్క సెంటీగ్రేడు డిగ్రీకి నూటికి 0.39 చొప్పున పెరుగును. ఇంజను పక్కన బిగించిన కాయిలు 25 డిగ్రీల నుండి 85 డిగ్రీలకు వేడెక్కినచో నిరోధము నూటికి 23 వంతులు పెరిగి, ప్రవాహము 81 వంతులకు దిగును. సెల్ఫు కొట్టునపుడు అది వందకు పైగా ఆంపియర్లు లాగుటచే బ్యాటరీ వోల్టేజి 12 నుండి 9కి పడినదనుకొన్నచో, మిగిలిన దానిలో మరల ముప్పాతికయే దక్కును. 81లో ముప్పాతిక సుమారు 61. కాయిలు ఇవ్వగల వోల్టేజి ప్రవాహముతో పాటు తగ్గును గనుక, 20,000 కాస్త 12,000 అగును. నిప్పురవ్వలోని శక్తి ప్రవాహ వర్గమును అనుసరించును గనుక, అది మూడవవంతుకు కొంచెము మించి యుండును. దీనిపై పాయింట్లు కాలి మసిబారినను, కండెన్సరు పాడైనను, ప్లగ్గు పింగాణీపై మసి పట్టి కొంత కరెంటు కారిపోవుచున్నను, వోల్టేజి పదివేలకు దిగువకు జారును. బండి స్టార్టు కాదు. కాని బయట పెట్టిన ప్లగ్గునకు మూడువేలే చాలును గదా! అది ఎప్పటివలెనే చిటచిటలాడుచుండును. మెకానిక్కు కార్బురేటరు విప్పును. యజమాని విడిభాగములు కొనును. లోపము ఉన్నచోటనే ఉండును.

నలుగురు కూడి తోయగా అదే బండి స్టార్టగుటకు కారణము కూడ ఈ లెక్కలోనే దొరకును. తోసినపుడు సెల్ఫు లాగు కరెంటు లేదు. బ్యాటరీ బలమంతయు కాయిలుకే దక్కును. పాత జీపులకు హ్యాండిలు కొట్టుటలోని గుట్టును ఇదియే. రాత్రి బండిని వాలులో ఆపుకొను డ్రైవరు ఈ సూత్రమును పుస్తకము చదువకయే ఆచరించుచున్నాడు. తోసినపుడు స్టార్టై, సెల్ఫుకు కానిచో, ముందుగా అనుమానింపవలసినది పెట్రోలు కాదు, వోల్టేజి. (చైత్ర వైశాఖముల ఎండలో గొట్టములోని పెట్రోలు ఆవిరియై దారి కట్టివేయుటయు కద్దు. కార్బురేటరును అనుమానించువాడు ప్రతిసారి పొరబడుననుట న్యాయము కాదు.)

వెనుకటి తరము మెకానిక్కులకు ఇంతకంటె మంచి పరీక్ష తెలియును. ప్లగ్గును వదలి, దాని తీగ కొసను ఇంజను ఇనుమునకు పావు అంగుళము, అనగా సుమారు 6 మిల్లీమీటర్ల దూరమున నిలిపి, నిప్పురవ్వ దూకునా లేదా అని చూచెడివారు. దీనిని కొందరు మోటుపద్ధతి అనుకొందురు గాని, ఇందులో పాషెన్ నియమము చక్కగా ఇమిడి యున్నది. లోపల ఏడు రెట్లు నొక్కిన గాలిలో 0.6 మిల్లీమీటరు ఎంతో, బయటి గాలిలో 4.2 మిల్లీమీటర్లు అంత. ఆపై మిగిలినది జాగ్రత్తకై ఉంచిన మిగులు. తీగను చేతితో పట్టుకొనరాదు. ప్లగ్గు విప్పిన రంధ్రము దగ్గర, పెట్రోలు ఆవిరి దగ్గర ఈ పని చేయరాదు.

ఇక రంగుల శాస్త్రము. నిప్పురవ్వ నీలముగా నున్న బలమైనదనియు, పసుపుగా నున్న బలహీనమైనదనియు చెప్పుదురు. కొంత నిజము లేకపోలేదు. కాని మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆ రంగులు గుర్తించుట కష్టము. పైగా గాలిలోని దుమ్ములో సోడియము లవణములు కొద్దిగా ఉన్నను నిప్పురవ్వకు పసుపు వన్నె వచ్చును. పలకల గనులకు పేరుపడిన సీమలో దుమ్మునకు కొదువ ఏమి? కొలువదగిన దూరమును వదలి రంగును నమ్ముట ఎట్లు?

కంపెనీల చేతిపుస్తకములు ఈ విషయమున ఏమైన మేలా యన్న, అంతగా కాదు. వానిలో సాధారణముగా లక్షణము, కారణము, చికిత్స అని మూడు గడుల పట్టిక యుండును. "నిప్పురవ్వ బలహీనము — కండెన్సరు మార్చుము" అని ఒక గడిలో నుండును. ఎందుకు మార్చవలెనో ఉండదు. పాయింట్లు విడిపోవు క్షణమున ప్రవాహము ఒక్కసారిగా ఆగక, ఆ ఎడములో మంటయై సాగుటకు చూచును. కండెన్సరు ఆ ప్రవాహమును తనలోనికి తీసికొని, మంట రానీయక, అయస్కాంత క్షేత్రము వేగముగా కూలునట్లు చేయును. క్షేత్రము ఎంత వేగముగా కూలిన, వోల్టేజి అంత ఎక్కువ. ఈ నాలుగు మాటలు తెలిసినవాడు గుంతలు పడిన పాయింట్లు చూడగానే కండెన్సరును అనుమానించును. తెలియనివాడు పట్టికలోని గడులన్నియు వరుసగా కొనును. పట్టికలో మరియొక లోపము కూడ కలదు: ఒక్కొక్క జబ్బునకు ఒక్కటే కారణమన్నట్లు వ్రాయుదురు. పైన చూచిన లెక్కలో వేడిమి, సెల్ఫు, మసి — ఏ ఒక్కటియు తనంత తాను బండిని ఆపలేదు. అన్నియు కూడి ఆపినవి.

అయితే విమర్శ బరువంతయు మెకానిక్కుపై మోపుట తగదు. పాఠశాల కూడ పంచుకొనవలె. ఫారడే 1831లో కనుగొన్న విద్యుత్ప్రేరణ పాఠము సాధారణముగా జనరేటరు, ట్రాన్స్‌ఫార్మరులతో ముగియును. ప్రేరణ చుట్ట కథ మాత్రము మోటారు బండి వరకు నడువదు. ఐర్లాండులో కాలన్ 1836లో చేసిన చుట్ట, పారిస్‌లో రుమ్‌కార్ఫ్ 1851లో దానిని తీర్చిన విధము, 1853లో ఫిజో దానికి కండెన్సరు చేర్చుట, 1910 ప్రాంతమున అమెరికాలో కెటరింగ్ దానిని కారునకు అమర్చుట — ఇవన్నియు ఒకే తీగపై గుచ్చిన పూసలు. కారులోని కాయిలు రుమ్‌కార్ఫ్ చుట్టకు మనుమడే గాని మరొకటి కాదు.

మార్కాపురపు పలక మరియొక చిన్న ఉదాహరణము. పలకరాయి విద్యుత్తును సులభముగా పోనీయదు గనుక, ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో స్విచ్చిబోర్డులకు పలకరాతి బల్లలు వాడెడివారు. కాని రాతిలో ఇనుప ఖనిజపు చారలున్నను, చెమ్మ పట్టినను కరెంటు కారెడిది. వానాకాలపు ఉదయమున డిస్ట్రిబ్యూటరు మూతకు పట్టు జబ్బు అచ్చముగా ఇదే. పొడి గుడ్డతో తుడిచిన చాలును.

ఉపాధ్యాయులు దీనినంతయు తరగతిలో చూపవచ్చును. ఒక పాత కాయిలు, కండెన్సరు, 12 వోల్టుల బ్యాటరీ ఒకటి, 6 వోల్టులది ఒకటి, గుండ్రని తలల బోల్టులు రెండు కావలెను. ప్రయోగము ఉపాధ్యాయుడే, ఎండిన కర్రబల్లపై, ఒక చేయి వెనుక పెట్టుకొని చేయవలె. గుండెకు పేస్‌మేకరు అమర్చుకొన్నవారు దగ్గరకు రారాదు. కాయిలుకు ప్రవాహము క్షణమాత్రమే ఇవ్వవలె. మొదట 12 వోల్టులతో బోల్టుల దూరమును కొద్దికొద్దిగా పెంచుచు, నిప్పురవ్వ ఎంత దూరము దాకా దూకునో విద్యార్థులు పలకపై వ్రాయవలె. తరువాత 6 వోల్టులతో అట్లే చేయగా ఆ దూరము సగము దరిదాపులకు పడిపోవును. చివరకు బోల్టులను 0.6 మిల్లీమీటరునకు దగ్గరచేసి రెండు బ్యాటరీలను మార్చి మార్చి తగిలింపగా, రెండింటికిని నిప్పురవ్వ వచ్చును.