‘చివరకు మిగిలేది’ చిత్రంలో మనోవైద్యం

సైన్సు పత్రికలో సినిమా విమర్శ ఏమిటని పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. కాని మనోవ్యాధులను గురించి మన విద్యార్థులకు పాఠ్యగ్రంథాల వల్ల తెలిసినదాని కంటె వెండితెర వల్ల తెలిసినదే ఎక్కువ. చింపిరి జుట్టు, వికటాట్టహాసం, తలకు దెబ్బ తగలగానే మతి కుదరడం - చాలా చిత్రాలలో పిచ్చి అంటే ఇంతే. వాటి నడుమ రోగిని మనిషిగా చూపిన తెలుగు చిత్రం ఒకటి ఉన్నది. అది 1960 లో గుత్తా రామినీడు దర్శకత్వంలో వెలువడిన ‘చివరకు మిగిలేది’. (బుచ్చిబాబు నవలకూ దీనికీ పేరు ఒకటే గాని కథలు వేరు.) అశుతోష్ ముఖోపాధ్యాయ వ్రాసిన బెంగాలీ కథ దీనికి మూలం. అదే కథను 1959 లో అసిత్ సేన్ బెంగాలీలో చిత్రంగా తీశారు.

కథ సంగ్రహంగా ఇది. మనోవ్యాధుల ఆసుపత్రిలో నర్సు పాత్రను సావిత్రి ధరించింది. ప్రేమ కరవై మతి చలించిన యువకుడికి ప్రేమనే మందుగా ఇవ్వాలని అక్కడి పెద్ద డాక్టరు సిద్ధాంతం. ఆయన మాట ప్రకారం నర్సు రోగిని ప్రేమిస్తున్నట్లు నటిస్తుంది. రోగి బాగుపడి వెళ్ళిపోతాడు. నటన కాస్తా నిజమైపోయిన నర్సు మాత్రం అతణ్ణి మరువలేదు. మరొక రోగికి అదే చికిత్స చేయడానికి మళ్ళీ ఆమే కావలసి వస్తుంది. తుదకు ఆమె మతి చలించి, తాను సేవచేసిన చోటనే రోగిగా చేరుతుంది.

రోగిని చూపి నవ్వించకపోవడం ఈ చిత్రం చేసిన గొప్ప మేలు. సావిత్రి నటనను గురించి వేరే చెప్పనక్కర లేదు. అయితే ఇది నేర్పే శాస్త్రం మాత్రం పరీక్షకు నిలవదు.

మొదటిది, వ్యాధికి కారణం. భగ్నప్రేమ ఒక్కటే మతిని చలింపజేస్తే మనలో చాలామందికి ఆసుపత్రి తప్పేది కాదు! వంశపారంపర్యం, మెదడులోని మార్పులు, అప్పు, ఆప్తుల మరణం, మద్యం, కాన్పు తరువాతి శారీరక మార్పులు - ఇవి వేరువేరు పాళ్ళలో కలిసి వ్యాధికి దారితీస్తవి. ఒకే బాధ ఇద్దరికి కలిగినా ఒకరే జబ్బుపడడానికి ఇదే కారణం.

రెండవది ఇంతకంటె ముఖ్యం. తెర మీద కనిపించేది తీవ్రమైన ఉన్మాదం. లోకంలో ఎక్కువగా ఉన్నవి కుంగుబాటు, ఆందోళన. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16 లో 12 రాష్ట్రాలలో జరిపిన సర్వేలో పెద్దలలో నూటికి 10.6 మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్లు తేలింది. వీరిలో అత్యధికులు అరిచేవారు కారు. అరకు, పాడేరు కొండలలో అయినా, పట్నంలో అయినా ఇటువంటి రోగి “నాకు దిగులుగా ఉన్నది” అని చెప్పడం అరుదు. తలనొప్పి అంటాడు, నిద్ర పట్టదంటాడు, గుండె దడ అంటాడు. మన్యంలో ముందుగా దిసారి దగ్గరకు వెళ్ళేవారు ఉన్నారు. దానికి నవ్వవలసిన పని లేదు. ఆయన వారి భాషలో తీరికగా వింటాడు. నెలల తరబడి తగ్గకపోయినా అక్కడే ఆగిపోవడం వల్లనే చిక్కు. పిచ్చాసుపత్రి అంటే సినిమాలో చూసిన గదులే గుర్తుకు వచ్చే కుటుంబం నూరు కిలోమీటర్లకు పైగా ఘాట్ రోడ్డు దిగి విశాఖపట్నం వెళ్ళడానికి ఎందుకు సిద్ధపడుతుంది?

ఇక మందుల విషయం. ఈ కథలో రోగిని బాగుచేసేది మందు కాదు, ప్రేమనటన. చిత్రం వచ్చేనాటికి క్లోర్‌ప్రొమజీన్ వాడుకలోకి వచ్చి ఎనిమిదేళ్ళయింది. అంతకు ముందే, 1931 లో, గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే భారతీయ వైద్యులు ఉన్మాదానికి సర్పగంధి వేరు పనిచేస్తుందని ప్రకటించారు. ఈ మొక్క మన తూర్పు కనుమల అడవులలో కూడ పెరుగుతుంది. దాని నుండి 1952 లో రెసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. అది కొందరిలో కుంగుబాటు కలిగించడం, రక్తపోటును తగ్గించడం వల్ల, అంతకంటె మంచి మందులు రావడం వల్ల మనోవైద్యంలో దాని వాడకం పోయింది. (కనుక విద్యార్థులు ఈ వేరును నమిలి పరీక్షించరాదు.) నేడు కుంగుబాటుకు ఫ్లూఆక్సెటిన్ వంటి మందులు ఉన్నవి. వాటి గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. పది రోజులు మింగి, లాభం లేదని మానివేసేవారే ఎక్కువగా నష్టపోతారు. విద్యుత్ షాకుకు జడిసేవారు ఒకటి గమనించాలి. మత్తుమందు, కండరాలను సడలించే మందు ఇవ్వకుండా దానిని చేయరాదని 2017 నాటి చట్టం నిషేధించింది.

ఇన్ని తప్పులున్నా ఈ చిత్రం ఒక సత్యాన్ని తాకింది. మాట కూడ మందే. గోవాలో జరిపిన పరిశోధన ఒకటి 2017 లో వెలువడింది. మనోవైద్యంలో ఏ పూర్వానుభవమూ లేని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో కుంగుబాటు రోగులతో మాట్లాడించారు. రోగి మానివేసిన పనులను - పొలానికి వెళ్ళడం, పొరుగువారిని పలకరించడం వంటివి - కొద్దికొద్దిగా మళ్ళీ మొదలుపెట్టించడమే ఆ చికిత్స. మూడు నెలల తరువాత వీరిలో నూటికి 64 మంది తేరుకున్నారు. మామూలు వైద్యం మాత్రమే పొందినవారిలో తేరుకున్నది 39 మంది. ఇందులో ప్రేమ నటించినవారు ఎవరూ లేరు! రోగిని మోసగించకుండానే మాట పనిచేసింది.

అంతేకాదు, గోవాలో మాట్లాడేవారి పనిని పర్యవేక్షించేవారు ఉన్నారు. సినిమాలో నర్సుకు ఎవరున్నారు? ఆమె పతనాన్ని చిత్రం విఫలప్రేమగా చూపింది. నా దృష్టిలో అది అలసట. ఒకే మనిషి మీద బరువంతా మోపి, ఆమె ఎలా ఉన్నదని అడగని ఆసుపత్రి తప్పు అది. కథకులు ఉద్దేశించారో లేదో గాని, చిత్రంలో అత్యంత శాస్త్రీయమైన ఘట్టం ఇదే.

ఈ ముక్క మన కొండలకు దగ్గరి విషయం. పశ్చిమ గోదావరి జిల్లాలోని 30 గిరిజన గ్రామాలలో ఆశా కార్యకర్తలు 5007 మందిని ప్రశ్నించి, 238 మందికి కుంగుబాటో ఆందోళనో ఉండవచ్చునని గుర్తించారు. ఈ ఫలితాలు 2017 లో ప్రచురితమైనవి. ఆ 238 మందిలో అంతకు ముందు వైద్యం పొందినవారు ఇద్దరే. గుర్తించిన తరువాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళినవారు 30 మంది. రెండు ముప్పై కావడం చిన్న విషయం కాదు. మిగిలిన 208 మంది వెళ్ళలేదన్నదీ చిన్న విషయం కాదు. ఆ 30 మందిని కదిలించిన శ్రమలో ముందు నిలిచింది ఆశాలు. వారికీ ఇదే అలసట రాదా?

ఆశ్రమ పాఠశాలలలో ఈ భారం ఉపాధ్యాయుల మీద పడుతుంది. రెండు వారాలు దాటినా తిండి, నిద్ర, ఆట మీద ఆసక్తి లేని పిల్లవాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని వినవచ్చు, ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళవచ్చు. చనిపోవాలని ఉన్నదా అని సూటిగా అడగవచ్చు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. ఉన్నదని చెబితే ఒంటరిగా వదలక, అదేరోజు డాక్టరు వద్దకు చేర్చాలి. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలీ మానస్ 14416 నెంబరుకు రాత్రింబవళ్ళు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఉపాధ్యాయుడు తన కోసం కూడ ఆ నెంబరుకు చేయవచ్చు. సిగ్నలు అందని ఊళ్ళు మన్యంలో ఇంకా ఉన్నవి గనుక, సిగ్నలు ఎక్కడ అందుతుందో ముందే చూచి ఉంచుకోవాలి.