నావను వర్ణించినవారు, నావను బాగుచేసినవారు

మన వాఙ్మయమున నావకు కొదువ లేదు. సంసారమును సముద్రముగను, దేహమును ఓడగను, గురువును కర్ణధారునిగను వర్ణింపని శతకకారుడు అరుదు. సముద్రమునకు ఇంచుమించు రెండువందల మైళ్ల దూరముననున్న మా ఆదోనిలోగాని యెమ్మిగనూరులోగాని భజనమందిరము గడప కడ గడియసేపు నిలిచినచో, భవసాగరమును నాలుగైదు మారులు దాటి ఇల్లు చేరవచ్చును. కాని ఆ యోడ పలక పగిలినపుడు ఎవ్వరు అతికిరి, చుక్కాని చెడినపుడు ఏమి చేసిరి, రాత్రి ఎవ్వరు మేలుకొని కాచిరి అని అడిగినచో మన కవులు పలుకరు. ఓడ మనకు ఉపమానముగ నున్నదే కాని యిల్లుగ నెన్నడును లేదు. ఈ లోపము అలంకారములకు మాత్రమే సంబంధించినది కాదనియు, మన గృహములలో ఎవరి శ్రమను లెక్కకు తీసికొందుము, ఎవరి శ్రమను విడిచిపెట్టుదుము అను ప్రశ్నతో ముడిపడి యున్నదనియు మా యభిప్రాయము. ఓడనే యిల్లుగ చేసికొని బ్రతికినవారి వ్రాతలను ముందుంచుకొని దీనిని విచారింతము.

మనవారు సముద్రమునే యెరుగరని తప్పించుకొనుటకు వీలు లేదు. శాతవాహనుల నాణెములపై రెండు కొయ్యల తెరచాప ఓడ యున్నది. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. గాలివానకు ఓడ పగిలి యొడ్డున పడినచో అందలి సరకును పూర్వపు రాజులు హరించుచుండిరి. ఆ యన్యాయమును మాన్పి, ఏర్పరచిన సుంకము తప్ప మరేమియు గొనమని అతడు నావికులకు మాట యిచ్చెను. ఓడ పగులుననియు, పగిలినపుడు గట్టుననున్న దొరయే దొంగ కాగలడనియు ఆ శాసనమునకు తెలియును. నావను గూర్చి మన సీమలో పుట్టిన రచనలలో ఇంతకంటె నిక్కమైనది మాకు కనబడలేదు. అది కావ్యము కాదు, వర్తకులకై చేసిన ప్రకటన. కావ్యములకు ఆ యెరుక ఏల లేకపోయెనో ఊహించుట కష్టము కాదు. బౌధాయన ధర్మసూత్రము సముద్రయానమును పతనహేతువులలో చేర్చినది. వ్రాయనేర్చినవాడు ఓడ యెక్కరాదు. ఓడ యెక్కినవానికి వ్రాయుట ఎవ్వరును నేర్పలేదు. ఓడ చేతులలో నొకచోటను, కలము నొకచోటను ఉండిపోయినవి.

ఈ రెండును ఒక్క చేతిలో కలిసినపుడు ఏమగునో చూచుటకు జాషువా స్లోకం అను నావికుని గ్రంథము చదువవలెను. 1900లో వెలువడిన ఆ పుస్తకము పేరు ‘సెయిలింగ్ అలోన్ ఎరౌండ్ ది వరల్డ్’. అమెరికాలోని ఫెయిర్‌హేవెన్‌లో ఒక పొలమున శిథిలమై పడియున్న ‘స్ప్రే’ అను ముసలి పడవ అతనికి ఉచితముగ లభించినది. దగ్గరనున్న ఓక్ చెట్టును నరికి, పదమూడు నెలలు పనిచేసి, పలక వెంట పలక మార్చి, అతడు దానిని క్రొత్త పడవను చేసెను. సామగ్రికైన వ్యయము 553 డాలర్ల 62 సెంట్లని పైసాతో సహా లెక్క చెప్పినాడు. 1895 ఏప్రిల్‌లో బోస్టన్ విడిచి, 46 వేల మైళ్లు తిరిగి, 1898 జూన్‌లో న్యూపోర్టు చేరినాడు. ఒంటరిగ ఓడపై భూగోళమును చుట్టివచ్చినవారిలో అతడే మొదటివాడు. తన మంచి గడియారమును శుభ్రపరచుటకు పదునైదు డాలర్లు అడిగిరని దానిని ఇంటనే విడిచి, ఒకటిన్నర డాలరు ధరగల తగరపు గడియారమును ముఖము పగిలియున్నందున ఒక్క డాలరుకే కొని, దానితోనే ప్రపంచము చుట్టెను. ఆదోని సంతలో బేరమాడిన ఏ యిల్లాలికైనను ఈ పుట అర్థమగును. తుపానుల వర్ణన అనేక గ్రంథములలో దొరకును. ఇట్టి లెక్కలు చెప్పుకొనుటకు సిగ్గుపడని వీరుడు అరుదు.

కాపుదలను గూర్చి అతడు వ్రాసినదియు ప్రసిద్ధమే. మెగెల్లన్ జలసంధిలో ఒంటరిగ నిద్రించుట యెట్లు? ఒక మిత్రుడిచ్చిన తివాసి మేకులను రాత్రి ఓడ పైబల్లలపై చల్లి అతడు పండుకొనెను. చీకటిలో ఎక్కివచ్చినవారు వానిని త్రొక్కి, అరచుచు నీళ్లలోనికి దుమికిరి. పాఠకులు నూరేండ్లకు పైగా ఈ ఘట్టమునకు నవ్వుచున్నారు. మేమును మొదట నవ్వితిమి. కాని విమర్శకుడు రెండవసారి చదువవలసినవాడు. గ్రంథకర్త అనాగరకులని పిలిచిన ఆ జలసంధి ప్రజలు ఎవరు? తరతరములుగ దొన్నెలే యిండ్లుగ బ్రతికినవారు; దొన్నె నడుమ నిప్పు ఆరకుండ కాపాడుకొనుచు, పిల్లలతో కూడ ఆ చలిసముద్రములో తిరిగినవారు. స్లోకం వచ్చిన దినములలోనే వలసవచ్చినవారివలనను రోగములవలనను ఆ జాతులు నశించుచుండెను. ఓడపై కాపురము చేయుటలో అతనికి గురువులు కాదగినవారు అతని పుస్తకమున దొంగలై మిగిలినారు. భయము అతనిది నిజమే. అయినను ఎవరి భయము గ్రంథమునకెక్కినది, ఎవరిది ఎక్కలేదు అని అడుగక మానరాదు. పలకలను లెక్కించుటలో చూపిన న్యాయము అతడు మనుష్యులయెడ చూపలేదు.

ఇక మనవారి సంగతి. నౌకాదళమునకు చెందిన దిలీప్ దోండే 2009 ఆగస్టు మొదలు 2010 మే వరకు ‘మ్హాదెయి’ అను తెరచాప ఓడపై ఒంటరిగ భూప్రదక్షిణము చేసెను. అట్లు చేసిన భారతీయులలో ప్రథముడు. ‘ది ఫస్ట్ ఇండియన్’ అను తన గ్రంథమున అతడు యాత్రతోపాటు ఆ యోడ గోవాలో కట్టబడిన విధమును గూడ చెప్పెను. పనివారు గ్రంథమున ప్రవేశించుట మాకు సంతోషము గలిగించినది. తరువాత 2017 సెప్టెంబరు 10న ‘తారిణి’ అను 55 అడుగుల ఓడపై ఆరుగురు నౌకాదళ స్త్రీలు గోవానుండి బయలుదేరిరి. వర్తికా జోషి నాయకురాలు. విశాఖపట్టణమునకు చెందిన పి. స్వాతి, హైదరాబాదునకు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి వారిలోనివారే. 2018 జనవరిలో కేప్ హార్న్ చుట్టి, 254 దినములకు, మే 21న మరల గోవా చేరిరి. తిరుగుదారిలో చుక్కాని యంత్రము చెడగా, తొలుత అనుకొనని మారిషస్ రేవున ఆగి దానిని చక్కపరచుకొనవలసి వచ్చెను.

ఆ సమయమున మేము చదివిన ప్రశంసలలో ఆదిశక్తి, వీరనారి, ఝాన్సీరాణి అను మాటలు పుష్కలముగ నుండెను. చుక్కాని మాట ఒక్క పంక్తితో ముగిసెను. ఇదియే మా యాక్షేపణము. ఉప్పుగాలి ఇనుమును తినును. ఎండ త్రాటిని పెళుసు చేయును. కుట్టు వీడిన తెరచాపను ఆ పూటయే కుట్టనిచో మరునాటికి నిలువున చిరుగును. వంతులవారీగ రాత్రి మేలుకొనవలెను. ఊగుచున్న పొయ్యిమీద వండవలెను. త్రాగునీటిని కొలిచి వాడవలెను. ఎనిమిది నెలలు ఆరుగురు ఈ పనిని నేర్చి చేసిరి. దేవత యని మ్రొక్కినచో చేతిలోని పానా కనబడదు. నేర్చుకొన్న విద్యను పుట్టుకతో వచ్చిన మహిమగ చెప్పినచో, మన యింటి ఆడపిల్లకు అది నేర్పవలసిన బాధ్యతయు మనకు తప్పిపోవును. స్తుతిలో ఇంత సౌకర్యమున్నది!

ఇది ఓడలకే పరిమితము కాదు. యెమ్మిగనూరు నేతయింట చీరకు పేరు మగ్గముపై కూర్చున్నవానిది. తెల్లవారుజామున కండెలు చుట్టి, పోగులు అతికినదాని పేరు ఏ పద్యమునను రాదు. మా తుంగభద్రలో మంత్రాలయము ప్రాంతమున నడచు పుట్టిని చూడుడు. వెదురుబద్దలతో అల్లి, పూర్వము తోలును కప్పి కట్టిన గుండ్రని పడవ యది. 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన డొమింగో పేస్ అను పోర్చుగీసువాడు ఇదే నదికి ఎగువన ఆనెగొంది కడ దానిని చూచి, లోపలి బద్దలను, పైతోలును, అది నేరుగ పోక తిరుగుచు పోవుటను, పదునైదిరువది మందిని మోయుటను వ్రాసిపెట్టెను. మన పుట్టి ఎట్లు కట్టబడునో తెలిసికొనుటకు పరదేశి వ్రాతను ఆశ్రయించితిమి. ఏటి యొడ్డున పుట్టినవారికి అది వ్రాయదగిన వస్తువుగ తోచలేదు.

పోషణమును చూడని కన్నుల ఫలము కావ్యములతో తీరదు. 2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట కడ తుంగభద్ర ఆనకట్ట పందొమ్మిదవ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకొనిపోయెను. దిగువకాలువ నీటిని నమ్ముకొన్న ఆదోని, యెమ్మిగనూరు రైతులు ఎంత నీరు నిలుచునో యని దినములు లెక్కించిరి. వారము దినములకు ఇనుప పలకలు దింపి నీటిని నిలిపిన ఇంజనీర్లను, పనివారిని అందరును కొనియాడిరి, అది న్యాయమే. కాని ఏటేట ఆ గొలుసు కడకు పోయి, తుప్పు గీకి, కందెన పూయువానిని గూర్చి ఆ దినమునకు ముందు ఎవ్వరైనను ఒక్క వాక్యము వ్రాసిరా? మేమును వ్రాయలేదు. ఈ విమర్శ మాకును వర్తించును.

కావున మన రచయితలను మేము కోరునది స్వల్పము. మరల నావను వర్ణింపదలచినపుడు మంత్రాలయము రేవునకో, కాకినాడకో పోయి, ఒక పూట పడవవాని ప్రక్క కూర్చుండి, అతడు దేనిని ఎట్లు అతుకునో అడిగి, ఆ పేర్లు అతని మాటలలోనే వ్రాసికొనవలెను. స్లోకం వలె ఖర్చు చెప్పవలెను. మేకులు త్రొక్కినవాని కథయు విచారింపవలెను. తారిణిలో పోయివచ్చిన మన తెలుగు సోదరీమణులు ఆ యెనిమిది నెలల కాపురమును తెలుగున సవిస్తరముగ వ్రాసినచో, మా యింటి బాలికలకు దానినే ముందుగ చదివి వినిపింతుము. భజనమందిరములో పాట యథాప్రకారము సాగవచ్చును. ఆ యోడకు పలక అతికినవారిని గూర్చి ఒక్క చరణమైనను అందు చేరవలెను.