సేవ అనే పాత మాట

అనంతపురం జిల్లా స్వచ్ఛంద సంస్థల మీద వచ్చిన రాతల్ని పక్కపక్కన పెట్టి చూస్తే మాకు రెండే రకాలు కనబడినాయి. ఒకటి స్థాపకుల చరిత్ర, రెండోది లబ్ధిదారుల కథ. ఈ రెంటి మధ్య వాడవాడకూ సైకిలు తొక్కినవాడు, రిజిస్టర్లు నింపినామె ఎక్కడున్నారు? మాకు తెలిసినవాళ్ళలో చాలామంది మాలలు, మాదిగలు. కాబట్టి ఇది పొరపాటున జరిగిన లోటు అనుకోవడానికి మేము సిద్ధంగా లేము.

విన్సెంట్ ఫెర్రర్ సంగతే తీసుకుందాం. 1920లో బార్సిలోనాలో పుట్టి, 1952లో జెస్యూట్‌గా ఈ దేశం వచ్చి, మహారాష్ట్రలో మన్మాడ్ రైతులతో పనిచేసినాడు. 1968లో దేశం విడిచి పొమ్మంటే పోయి, 1969లో అనంతపురం చేరినాడు. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు అట్లా మొదలైంది. ఇళ్ళు, బడులు, ధర్మవరం పక్కన బత్తలపల్లి ఆసుపత్రి: వీటి విలువ వాడల్లో పుట్టినవాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2025లో విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణ నిలిచిపోయినప్పుడు దళిత సంఘాలు రోడ్డెక్కింది ఊరికే కాదు. అయితే ఆ రోజుల్లో మేము చదివిన ప్రకటనల్లో ఆసుపత్రి ఏమైపోతుంది, పిల్లల చదువు ఏమైపోతుంది అన్న ప్రశ్నలే ముందున్నాయి. న్యాయమే. పనిచేసేవాళ్ళ కూడు ఏమైపోతుంది అన్నది వాటి వెనకాల ఎక్కడో నిలబడింది.

మాలో కొందరం హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల ఒక పెద్ద సంస్థలో పనిచేసినవాళ్ళం. (2022 నుంచి ఈ మూడు ఊర్లూ శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి.) పైన పేరు చెప్పిన సంస్థ కాదది. ఏ సంస్థో చెప్పం, ఎందుకంటే మేమంటున్నది ఒక ఆఫీసు తప్పు గురించి కాదు, ఒక భాష గురించి.

ఆ భాష మాకు ఉత్తరాల దగ్గర తగిలింది. విదేశంలో డబ్బు కట్టే దాతకు వాడలోని పాపచేత ఏడాదికి రెండు ఉత్తరాలు రాయించాల. ధర్మవరం దిక్కు ఒక ఊర్లో నాలుగో తరగతి పాప అడిగింది: "అన్నా, హోటల్లో మా నాయనకు గ్లాసు వేరే పెడతారు గదా, అది రాద్దునా?" మేము ఆఫీసులో అడిగినాం. కులమని రాస్తే అక్కడివాళ్ళకు అర్థం కాదు, పేదవాళ్ళమని రాయించండి అన్నారు. పాపచేత మేకపిల్ల బొమ్మ వేయించి పంపినాం. బొమ్మ బాగుందని దాత జవాబు రాసినాడు. గ్లాసు మాత్రం హోటల్లో అట్లే ఉండిపాయె. కులం పేదరికంగా మారేది పెద్ద పెద్ద సిద్ధాంత గ్రంథాల్లో కాదు, ఇట్లాంటి ఉత్తరాల్లో. మార్చిన చెయ్యి మాదే. ఆ మాట దాచుకోలేం.

ఇక 'సేవ'. మాకిచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం అన్నారు. మీరు ఉద్యోగులు కారు, సేవకులు అన్నారు. ఈ మాట పై కులాల ఇంట్లోంచి వచ్చినవాడికి త్యాగంలా వినబడుతుంది. వాడికి వదులుకునేది ఒకటుంది గనక. మాకు? తరతరాలుగా చావు కబురు మోసింది, పశువు కళేబరం లాగింది, డప్పు కొట్టింది, ఇదంతా కూలి లేని సేవే గదా! దాని అసలు పేరు వెట్టి. వెట్టి నుంచి బయటపడటమంటే పనికి వెల కట్టించుకోవడం. మళ్ళీ వెల అడగొద్దు, మనసు పెట్టి చెయ్యి అంటే ఆ మాట ఎక్కడి నుంచి వస్తోందో మేము పోల్చుకోగలం.

మాలో ఒకతని తల్లి ఒకసారి అనింది: "మీ నాయన రెడ్డి కాడ జీతగాడే రా. అయినా ఉగాదికి కూచొని ఏడాది జీతం మాట్లాడుకుంటాండె. నీకు అది గూడా లేదే?" అతను బదులు చెప్పలేకపోయినాడు. ప్రాజెక్టు ముగిస్తే అతని పనీ ముగుస్తుంది, ఎప్పుడన్నది ఆఫీసుకే తెలుసు.

పెనుకొండలో ఇది మరీ ఎబ్బెట్టుగా తోస్తుంది. 1980లలో యంగ్ ఇండియా ప్రాజెక్టు ఆ ఊరి కేంద్రంగానే వ్యవసాయ కూలీలను సంఘాలుగా కూడగట్టింది. స్వచ్ఛంద సంస్థ సంఘం కట్టించగలదని అక్కడ రుజువైంది. మా సంస్థ కూడా 1948 కనీస వేతనాల చట్టం గురించి కూలీలకు చెప్పమని మమ్మల్ని పంపింది, మేమూ గొంతు చించుకుని చెప్పినాం. మాకే ఒక సంఘం ఉండాలన్న మాట ఎత్తితే, మనది ఒకే కుటుంబం గదప్పా అన్నారు.

చట్టం ఒకప్పుడు మా దిక్కే ఉండింది. 1978లో బెంగుళూరు నీటి సరఫరా బోర్డు కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు ప్రకారం, జీతానికి మనుషుల్ని పెట్టుకొని నడిపే ధర్మసంస్థ కూడా 'పరిశ్రమే'. యజమాని పుణ్యాత్ముడైనంత మాత్రాన పనివాడు పనివాడు కాకుండా పోడు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రధానంగా ధార్మిక, సామాజిక సేవ చేసే సంస్థల్ని 'పరిశ్రమ' నిర్వచనం నుంచి తప్పించింది. దీని మీద స్వచ్ఛంద సంస్థల సభల్లో ఒక్క తీర్మానం కూడా మా కంటబడలేదు.

ప్రభుత్వం సంస్థల గొంతు పట్టుకున్న వేళ ఈ విమర్శ ఎందుకు, శత్రువుకు కత్తి అందించినట్టు కాదా అని మిత్రులు అడుగుతున్నారు. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి దించినవాళ్ళు మా జీతాల గురించి బాధపడి దించలేదు, అది తెలుసు. సంస్థ మాకిచ్చింది కూడా మరిచిపోలేదు. తహసీల్దారు ముందర కుర్చీలో కూచోవడం మేము నేర్చుకున్నది ఆ పనిలోనే. ఆ కుర్చీ విలువ తెలుసు గనకే, ఇంకో గదిలోని కుర్చీ గురించి అడుగుతున్నాం: జీతాలు, బదిలీలు, తొలగింపులు నిర్ణయమయ్యే గదిలోది.

హిందూపురంలో ఒక అక్క పదిహేడేళ్ళు పనిచేసి మానుకునింది. ఆమె ట్రంకుపెట్టెలో డైరీలున్నాయి. ఎలుకలు కొడుతున్నాయి, తీసుకపోండి అనింది. తెచ్చి చదువుతున్నాం. పిల్లల బరువులు, పొదుపు లెక్కలు, మీటింగు తేదీలు ఉన్నాయి. ప్రతి నెలా చివరి పేజీలో, పెన్సిలుతో, సొంత డబ్బులోంచి పెట్టుకున్న బస్సు చార్జీలు రాసిపెట్టుకునింది.