జాన్ షిప్ స్వీయచరిత్ర – అందని పతకము

జాన్ షిప్ స్వీయచరిత్ర 1829లో వెలువడెను. సఫోక్ సీమలో పుట్టిన ఈ అనాథ సామాన్య సైనికుడుగా చేరి, 1805లో భరత్‌పూరు కోటపై ప్రాణములకు తెగించిన ముందుదండును ముమ్మారు నడపి అధికారి యయ్యెను; అప్పులపాలై పదవి నమ్ముకొని, మరల సామాన్యుడుగా చేరి, 1815లో రెండవసారి అధికారి యయ్యెను. ఇంతటి కథకు అంత ఆత్మస్తుతి యేల? కొరడాదెబ్బల శిక్షను ఖండించుచు 1831లో అతడు వ్రాసిన చిన్న పుస్తకమే మాకు మిక్కిలి నచ్చినది.

1803–1826 నడుమ ఇండియాలో జరిగిన యుద్ధములకు పతకము 1851లో గాని రాలేదు, అదియు బ్రతికియున్నవారికే. షిప్ 1834లోనే గతించెను. బ్రతికియున్నను, పతకపు రిబ్బనుపై భరత్‌పూరు పేరుగల పట్టీ అతనికి దక్కెడిది కాదు. అది కోట పడిన 1826 ముట్టడికే గాని, నాలుగు దాడులును విఫలమైన 1805 ముట్టడికి కాదు. ఓటమికి పట్టీ యెవరిత్తురు!

నాగపురమున స్థిరపడిన మనవారికి మరియొక మాట. 1817 నవంబరులో సీతాబల్డీ గుట్టలపై పోరినవారిలో మదరాసు దళముల సిపాయిలు ముఖ్యులు. ఆ దళములలో తెలుగువారు పెక్కురు. ఆ యుద్ధమునకును ఈ పతకముపై పట్టీ కలదు. షిప్ తన కథను గ్రంథముగా చెప్పుకొనెను. పతకము పొందునంతవరకు బ్రతికిన సిపాయికి తరచుగా మిగిలినది దాని అంచున చెక్కిన పేరు మాత్రమే.