గుట్ట దిగే పొడ తూర్పు ఎద్దు

పొడ తూర్పు ఎద్దును కట్టుగొయ్య దగ్గర చూస్తే సగమే చూసినట్టు. నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ గుట్టల మీంచి దిగుతుంటే చూడాలి. తెల్లటి ఒంటి మీద ఇటుకరంగు మచ్చలు, పశువు పశువుకూ వేరే తీరు. మూపు పక్కన పడ్డ పెద్ద మచ్చ అడుగడుక్కీ ముందుకు సాగుతుంది, వెనక్కి జారుతుంది. చర్మం కింద రెక్క ఎముక ఎలా కదులుతోందో ఆ మచ్చే పట్టిస్తుంది. ఒట్టి తెల్ల ఎద్దులో మన కంటికి ఆనని కుంటు ఈ ఎద్దులో దాగదు. ఇక గిట్టలు: గట్టివి, సందు లేకుండా దగ్గరగా అమరినవి. రాయి మీద ముందుకాలు మోపే ముందు క్షణం పాటు ఆగుతుంది. ముందు గిట్ట లేచిన చోటే వెనక గిట్ట పడుతుంది. బరువంతా ముందుకు తూగే ఏటవాలులో కూడా మెడ బిగుసుకోదు, గంగడోలు మాత్రం తీరిగ్గా ఊగుతుంటుంది. ఆ తీరిక చూడ్డానికే నేను ఎండలో నిలబడతాను.

ఈ సౌష్టవాన్ని ఎవరూ కాగితం మీద గీసి పెంచలేదు. నల్లమల అంచు ఊళ్లలో మందలు కాసేవాళ్లకు ఈ ఆవు ఇచ్చేది ప్రధానంగా కోడెదూడే. పాలు కొద్ది, అందులోనూ దూడ వాటా పెద్దది. మేతకూ నీళ్లకూ పొద్దస్తమానం నడక. కాలు సరిలేనిది మంద వెనకపడేది. అలా గుట్టే పరీక్ష పెట్టింది, మనిషి కన్ను మచ్చలను మెచ్చుకుంది. రెండూ ఒకే పశువులో కలిశాయి. 11వ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణం ఔచిత్యమన్నాడు. నగ ఎంత గొప్పదైనా ఉండాల్సిన చోట ఉంటేనే శోభ. ఆయన లెక్కన మచ్చ అలంకారం, గిట్ట ప్రాణం.

2020లో కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ గుర్తింపుతో పొడ తూర్పు జాతుల పట్టికకెక్కింది. సంతోషమే. కానీ పట్టికకెక్కిన జాతికి లక్షణాల జాబితా ఒకటి వస్తుంది, జాబితాలో తొందరగా కనబడేది రంగే. కుక్కల విషయంలో ఏమైందో తెలిసిందే. బుల్‌డాగ్ ముఖాన్ని పోటీల కోసం నొక్కి నొక్కి ఊపిరాడకుండా చేశారు. దాని పిల్లల తలలు పెద్దవై, కాన్పులో వాటిని ఆపరేషన్ చేసి తీయాల్సి వస్తోంది. 2008లో బీబీసీ దీని మీద డాక్యుమెంటరీ వేశాక, మరుసటి ఏడు బ్రిటన్ కెన్నెల్ క్లబ్ జాతి లక్షణాలను తిరగరాసింది. మన కృష్ణలో కలిసే ఘటప్రభ ఒడ్డునే ముధోల్ వేటకుక్క పుట్టింది. 2005లో తపాలా బిళ్ల కూడా వేశారు. సన్నటి నడుము దాని అందం, కానీ పరుగు తీయాల్సిన అవసరం పోయాక నడుము ఒక్కటే మిగిలితే అది బొమ్మ.

పెబ్బేరు సంతలో రైతుల చూపు నాకు ఇంకా నమ్మకమిస్తుంది. మొదట సుళ్లు చూస్తారు, పళ్లు లెక్కపెడతారు, రంగును పొగుడుతారు. ఆ తర్వాతే అసలు పని. పగ్గం పట్టి నాలుగడుగులు నడిపిస్తారు, వెనక్కి నెడతారు, వంగి గిట్ట చూస్తారు. చివరికి తువ్వాల కింద వేళ్లతో బేరం. గద్వాల వైపు బండలాగుడు పోటీల్లో నిలబడే ఒంగోలు గిత్తల ఠీవి వేరు, దాన్ని తక్కువ చేయను. ఆ గిత్త బలాన్ని చూపిస్తుంది, పొడ తూర్పు బలాన్ని దాచుకుని నడుస్తుంది. నా ఓటు రెండోదానికి.

ట్రాక్టర్ వచ్చాక ఎద్దుకు గిరాకీ తగ్గింది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో మేతకు ఆంక్షలున్నాయి, పులి కోసం అవి ఉండక తప్పదు. మందలు కొట్టాలకు చేరితే గుట్ట పెట్టే పరీక్షను మనుషులే పెట్టాలి. అందుకే ఆబోతుగా ఏ కోడెను విడవాలో తేల్చే ముందు, దాని మచ్చల ఫొటో తీసే ముందు, మన్ననూరు పక్క రాళ్లబాటలో ఒక పూట నడిపించి, దిగేటప్పుడు వెనక కాళ్లు చూడమంటాను.