కిల్ట్ కుట్టడానికి ఎలాంటి గది కావాలి?

స్కాట్లాండ్‌లో మగవాళ్ళు నడుముకు కట్టే కుచ్చిళ్ళ దుస్తు కిల్ట్‌ను కుట్టడం నేర్పే ఐదు రోజుల శిబిరం పెట్టాలనుకోగానే మనసు పాత కోటల మీదికి పోతుంది. రాతి గోడలు, వాటి మీద వేలాడే డాళ్ళు, కిటికీలోంచి కనిపించే కొండలు. కరపత్రం మీద బొమ్మ అద్భుతంగా వస్తుంది. కానీ ఆ గోడలు మందం, కిటికీలు ఇరుకు, బల్లలు విందుల కోసం చేసినవి. కుట్టుపనికి ఊరి ఉమ్మడి హాలే నయం. స్కాట్లాండ్‌లో చిన్న చిన్న ఊళ్ళలో కూడా అలాంటి హాళ్ళు కనిపిస్తాయి. పెళ్ళి విందులు, కేలీ నృత్యాలు, మహిళా సంఘాల సమావేశాలు అక్కడే జరుగుతాయి. అయితే వాటిలో ఏ హాలు పనికొస్తుందో తేల్చుకోవాలంటే కిల్ట్ ఎలా తయారవుతుందో ముందు తెలియాలి. గదికి పెట్టే షరతులన్నీ ఆ కుట్టులోంచే పుడతాయి.

చేతికుట్టు కిల్ట్ ఒకదానికి సంప్రదాయంగా ఎనిమిది గజాల ఉన్ని గుడ్డ పడుతుంది, అంటే 7.3 మీటర్లు. మిల్లు నుంచి వచ్చే టార్టన్ అనే ఈ గళ్ళ గుడ్డ వెడల్పు సుమారు 140 నుంచి 150 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి నాలుగు గజాలు కొని పొడవునా రెండుగా చీలుస్తారు. కత్తెర పెట్టరు, చేత్తోనే చింపుతారు. అప్పుడే చీలిక పడుగు దారం వెంట తిన్నగా సాగుతుంది. ఆ రెండు ముక్కల అతుకు ఒక కుచ్చిలి లోపల దాగిపోతుంది. నేతలో వచ్చిన గట్టి అంచే కిల్ట్‌కు కింది అంచు. దాన్ని మడిచి కుట్టరు, కత్తిరించరు. ఈ ఒక్క విషయం తర్వాత చాలా సంగతులను నిర్ణయిస్తుంది.

ఎనిమిది గజాలూ ఎక్కడికి పోతాయంటే వెనక కుచ్చిళ్ళలోకి. ముందు భాగంలో ఒకదాని మీద ఒకటి వచ్చే రెండు చదునైన పొరలుంటాయి, వాటిని ఏప్రన్లంటారు. మిగతాదంతా వెనక ఇరవై ఐదు, ముప్పై కుచ్చిళ్ళుగా కుదురుకుంటుంది. మన చీర కుచ్చిళ్ళు రోజూ వేళ్ళ మధ్య కొత్తగా పుట్టి సాయంత్రానికి విడిపోతాయి. కిల్ట్ కుచ్చిళ్ళను ఒక్కసారి తీర్చి, నడుము నుంచి పిరుదుల దాకా కుట్టి బిగిస్తారు. ఆ తీర్చడంలోనే ఉంది విద్యంతా.

టార్టన్‌లో చారలు ఒక వరుసలో వచ్చి, ఆ వరుస మళ్ళీ మళ్ళీ తిరిగి వస్తుంది. ఆ ఒక్క ఆవృత్తిని సెట్ అంటారు. కుచ్చిళ్ళు పెట్టే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటి పద్ధతిలో ఒక్కో కుచ్చిలి సెట్‌లోని తర్వాతి భాగాన్ని పైకి తెస్తుంది. అన్నీ పక్కపక్కన చేరేసరికి, అంత గుడ్డ లోపల మడతపడి ఉన్నా వెనక భాగం మడత పెట్టని గుడ్డలాగే కనిపిస్తుంది. రెండో పద్ధతిలో ప్రతి కుచ్చిలి మధ్యా ఒకే చార వస్తుంది. సైనిక దళాల కిల్టుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. వెనక నుంచి చూస్తే నిలువు గీతలు బారులు తీరి ఉంటాయి, నడుస్తుంటే లోపలి రంగులు మెరిసి మాయమవుతాయి. నాకు మొదటి పద్ధతే ఎక్కువ గొప్పగా అనిపిస్తుంది. చూసేవాడికి శ్రమ కనిపించదు, చేసేవాళ్ళు మాత్రం ప్రతి దారమూ లెక్క పెట్టాలి.

ఆ లెక్క ఎంత కచ్చితమో ఒక ఉదాహరణలో చూద్దాం. పిరుదుల దగ్గర 40 అంగుళాలు, నడుము దగ్గర 34 అంగుళాలు ఉన్న మనిషి. సుమారు సగం కుచ్చిళ్ళ వాటా అనుకుంటే కింద 20 అంగుళాలు, పైన 17. కుచ్చిళ్ళు 27 అయితే ఒక్కొక్కటి పిరుదుల దగ్గర 19 మిల్లీమీటర్లు, నడుము దగ్గర 16 మిల్లీమీటర్లు. అంటే కుచ్చిలి ఒక్కంటికీ మూడు మిల్లీమీటర్లు సన్నబడాలి, అదీ అడ్డచారలు పక్క కుచ్చిలి చారలతో కలిసి ఉండగానే. కుచ్చిలికి ఒక్క మిల్లీమీటరు తప్పినా 27 కుచ్చిళ్ళకు అంగుళం పైనే తేడా వస్తుంది. కిల్ట్ నడుము మీద నిలవదు, లేదా ఒంటికి పట్టదు. ఈ కుట్టిన భాగాన్ని ఫెల్ అంటారు. కిల్ట్ పొడవులో ఇది మూడో వంతు ఉంటుంది. గుడ్డ ముఖం పైకి పెట్టుకుని, మడత అంచునే సూదితో పట్టుకుంటూ, కంటికి ఆనని చిన్న కుట్లతో చేత్తో కుడతారు.

గదిలో మొట్టమొదట చూడాల్సింది వెలుతురు అనడానికి కారణం ఇదే. బ్లాక్ వాచ్ అనే ప్రసిద్ధ టార్టన్‌లో ముదురు నీలం, నలుపు, ఆకుపచ్చ ఉంటాయి. పసుపు బల్బు కింద నీలమూ నలుపూ ఒకటైపోతాయి. చార అంచు ఎక్కడుందో తెలియకపోతే మిల్లీమీటర్ల మాటే లేదు. ఉత్తరం వైపు పెద్ద కిటికీలున్న హాలు దొరికితే అద్దె కొంచెం ఎక్కువైనా తీసుకోవాలి. అటు నుంచి పనిగంటల్లో నేరుగా ఎండ దాదాపు పడదు, వెలుగు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే తీరుగా ఉంటుంది. నెల కూడా గదిలో భాగమే. ఎడింబరాలో డిసెంబరు చివర పగలు ఏడు గంటలే, జూన్‌లో పదిహేడు గంటలు దాటుతుంది. చలికాలంలో శిబిరం పెట్టేవాళ్ళు ప్రతి బల్లకూ పగటి వెలుగును పోలిన దీపం ఒకటి తెచ్చుకోవాల్సిందే.

బల్ల గురించి చాలామంది పొరబడతారు. ఎనిమిది గజాల బల్ల ఎవరికీ అక్కర్లేదు. గుడ్డను చింపడానికి, లోపాలేమైనా ఉన్నాయేమో చూడటానికి మాత్రమే అంత పొడవు కావాలి. దానికి శుభ్రంగా ఊడ్చిన చెక్క నేల చాలు. తర్వాత పని అంతా మనిషికో ఆరడుగుల బల్ల మీద జరుగుతుంది. బల్ల కదలకూడదు, అంచులు గరుకుగా ఉండకూడదు. కుర్చీకి చేతులుండకూడదు, మోచేయి కొట్టుకుంటే కుట్టు బిగువు మారుతుంది. పూర్తయిన బరువైన కిల్ట్ దాదాపు రెండు కిలోలు తూగుతుంది కాబట్టి ఆ గుడ్డ బల్ల అంచు మీదుగా జారి వేలాడితే కుట్టిన చోటల్లా లాగుతుంది. అందుకే పక్కన రెండో కుర్చీ వేసి మిగతా గుడ్డను దాని మీద ఆనిస్తారు. మనిషికి రెండు కుర్చీల చొప్పున లెక్క వేయాలి.

ఇక కరెంటు. తడిగుడ్డ పరిచి, బరువైన ఇస్త్రీ పెట్టెతో అదిమి, ఆవిరి చల్లారేదాకా కదపకుండా ఉంచితేనే ఉన్ని మడత నిలుస్తుంది. బ్రిటన్‌లో సాధారణ గదిలోని ప్లగ్గులన్నీ తరచుగా 32 ఆంపియర్ల సర్క్యూట్ ఒకదాని మీద ఉంటాయి. 230 వోల్టుల దగ్గర అది 7,360 వాట్లు. 2,400 వాట్ల ఇస్త్రీ పెట్టెలు మూడు పెడితేనే 7,200. నాలుగోదాన్ని తగిలించినా, అదే లైను మీద టీ కెటిల్ పెట్టినా సరఫరా ఆగిపోవచ్చు. హాలు చూడటానికి వెళ్ళినప్పుడు వంటగది లైను వేరుగా ఉందా అని అడగడం చాదస్తం కాదు.

వీటన్నిటికంటే గట్టిగా పట్టుబట్టాల్సింది ఇంకొకటి ఉంది. రాత్రి పని ఎక్కడిదక్కడే వదిలి, తాళం వేసుకుని వెళ్ళే వీలుండాలి. చేతితో పూర్తి కిల్ట్ కుట్టడానికి అనుభవజ్ఞులకే ఇరవై గంటలకు అటూ ఇటూ పడుతుంది. నేర్చుకునేవాళ్ళకు ఐదు రోజులూ నిండుగా సరిపోతాయి. రెండో రోజు సాయంత్రానికి కుచ్చిళ్ళు గుండుసూదులతో, కచ్చాకుట్లతో నిలబడి ఉంటాయి. అప్పుడు హాలు మేనేజరు వచ్చి రాత్రికి డాన్సు ఉంది, బల్లలు ఖాళీ చేయండి అంటే చుట్టచుట్టిన గుడ్డలో సగం కొలతలు జారిపోతాయి. మర్నాడు పొద్దున పసిపిల్లల ఆటల బడి ఉంటే నేల మీద పడిన ప్రతి సూదీ ప్రమాదమే. ఒక్క పూట కూడా మధ్యలో ఇతరులకు ఇవ్వని హాలు దొరక్కపోతే, వెలుతురు ఎంత బాగున్నా వదులుకోవడమే మంచిది.

ఇంత పట్టుదల ఎందుకు, ఇంట్లో కూర్చుని పుస్తకం చూసి నేర్చుకోలేమా అంటే, మంచి పుస్తకమే ఉంది. స్కాట్లాండ్‌లో వృత్తి నేర్చుకుని అమెరికా వెళ్ళిన ఎల్సీ స్టూమేయర్ అనుభవాన్ని, న్యూయార్క్ రాష్ట్రంలోని హామిల్టన్ కాలేజీ భూగర్భశాస్త్ర ఆచార్యురాలు బార్బరా ట్యూక్స్‌బరీ ఆమెతో కలిసి అక్షరాల్లో పెట్టారు. ‘ది ఆర్ట్ ఆఫ్ కిల్ట్ మేకింగ్’ పేరుతో 2001లో వచ్చింది. అంతదాకా వర్క్‌షాపుల్లో ఒక చేతి నుంచి ఇంకో చేతికి వచ్చిన కొలతలను ఆ పుస్తకం వివరంగా చెప్పింది. అయినా దారం ఎంత బిగించాలో పేజీ చెప్పలేదు. బిగువు ఎక్కువైతే కుచ్చిలి ముడతపడుతుంది, తక్కువైతే నోరు తెరుస్తుంది. పక్కన కూర్చున్న గురువు ఒక్కసారి మన దారం లాగి చూపిస్తే వేళ్ళకు తెలుస్తుంది. బ్రిటన్‌లోని హెరిటేజ్ క్రాఫ్ట్స్ సంస్థ 2021లో కిల్ట్ తయారీని అంతరించే ప్రమాదమున్న చేతివృత్తుల జాబితాలో చేర్చింది. కిల్టులు కనిపించక కాదు, పెళ్ళిళ్ళలో కనిపిస్తూనే ఉంటాయి. చౌక యంత్రపు సరుకు మధ్య చేతికుట్టు నేర్చుకునేవాళ్ళు తగ్గిపోతున్నారు.

ఈ దుస్తు ఇంతకు ముందూ గండాలు దాటింది. పదహారో శతాబ్దం చివర్లో స్కాట్లాండ్ కొండసీమ అయిన హైలాండ్‌లో మగవాళ్ళు కుట్టని పొడవాటి ఉన్ని గుడ్డనే మడతలు పెట్టి, బెల్టు బిగించి కట్టుకునేవారు. నడుము కింది భాగం విడిపడి చిన్న కిల్ట్ అయింది పద్ధెనిమిదో శతాబ్దంలో. 1746లో తిరుగుబాటును అణిచిన కల్లోడెన్ యుద్ధం తర్వాత పార్లమెంటు హైలాండ్ దుస్తులను నిషేధించింది, సైనిక దళాలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. 1782లో నిషేధం ఎత్తేశారు. 1822లో నాలుగో జార్జి రాజు ఎడింబరా వచ్చినప్పుడు నవలాకారుడు వాల్టర్ స్కాట్ పూనికతో ఊరంతా టార్టన్ కట్టింది. అప్పుడు గండం చట్టం రూపంలో వచ్చింది, ఇప్పుడు నేర్చుకునే చేతులు తక్కువై వస్తోంది. దీనికి మందు ఆరుగురు కూర్చుని కుట్టగలిగే గది.

ఆరుగురే ఎందుకంటే, ఒక గురువు రోజుకు పలుమార్లు ఒక్కొక్కరి బల్ల దగ్గర కూర్చోవాలి కదా. హాలు ఎంత పెద్దదైనా ఆ సంఖ్య పెంచకూడదు.

ఆ హాలు పక్కన తలుపు వేసుకునే చిన్న గది ఒకటి, నిలువుటద్దం ఒకటి ఉండాలి. కిల్ట్ ప్యాంటు కంటే పైన, సహజమైన నడుము దగ్గర కడతారు, కింది అంచు మోకాలి చిప్ప మధ్యకు రావాలి. ఈ కొలత ఎవరికి వారు తీసుకోలేరు, తల వంచగానే ఒళ్ళు వంగి పొడవు మారుతుంది. అందుకే ఇంకొకరు మోకాళ్ళ మీద కూర్చుని కొలవాలి. కచ్చాకుట్ల మీద ఉన్నప్పుడే కట్టుకుని, హాలు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి చూపించాలి. వెనక కింది అంచు ఒక పక్కకు దిగితే, అక్కడ మడిచి సరిచేసే వీలు లేదు, అది నేత అంచు కాబట్టి. దిద్దుబాటంతా పైన నడుము దగ్గరే జరగాలి. కుచ్చిళ్ళ వెనక మిగులు గుడ్డ కత్తిరించి, కాన్వాస్ పెట్టి, లైనింగ్ వేశాక ఆ దారి కూడా మూసుకుపోతుంది. కాబట్టి కాలపట్టికలో మూడో రోజు మధ్యాహ్నం ఈ నడకకే వదిలిపెట్టి, హాలు మధ్య బల్లలు లేకుండా కనీసం పది అడుగుల దారి ఉండేలా ముందే సర్దించుకోవాలి.