పాత డాలరు రేటుకు తేదీ తోడుండాలి

ఆగస్టు 15 వస్తోందంటే చాలు, ఫోన్లలో ఒక సందేశం తిరుగుతుంది. 1947లో రూపాయి, డాలరు సమానమట, ఇప్పుడు ఎంత దిగజారామో చూడండి అని. జీతాలూ ఇంటి వాయిదాలూ డాలరు మీద ఆధారపడిన బెంగళూరులో బాగా చదువుకున్నవాళ్లు కూడా దాన్ని నమ్మి నలుగురికీ పంపుతారు. నిజానికి అప్పట్లో మన రూపాయి ముడిపడి ఉన్నది పౌండుతో. పౌండుకు 13 రూపాయల 5 అణాల 4 పైలు. అదే పౌండుకు 4.03 డాలర్లు. భాగించి చూస్తే డాలరు సుమారు 3.30 రూపాయలు. 1949 సెప్టెంబరులో బ్రిటన్ పౌండు విలువ తగ్గించినప్పుడు మనమూ తగ్గించుకుంటే డాలరు 4.76 అయింది. రూపాయికి డాలరు దొరికిన రోజు స్వతంత్ర భారతంలో ఒక్కటీ లేదు.

పాత మారకపు రేట్లు వెతికి రాసి పెట్టుకోవడం నాకు ఏళ్లనాటి అలవాటు. ఎవరైనా ‘అప్పట్లో డాలరు ఇంత’ అంటే వెంటనే మూడు ప్రశ్నలు అడుగుతాను. ఏ తేదీన? ఏ రకం రేటు? చివరికి చేతికి ఎంత వచ్చింది?

ముందు తేదీ సంగతి. పట్టికల్లో 1991 ఏడాది సగటు డాలరుకు 22.74 అని ఉంటుంది. జనవరిలో డాలరు 18 చిల్లర, ఏడాది చివరికి 26కు దగ్గర. మధ్యలో జూలై 1న ఒకసారి, 3న మరోసారి విలువ తగ్గించారు. రెండో విడత ఆపించాలని ప్రధాని పీవీ నరసింహారావు అనుకున్నారు. ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్ రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నర్ రంగరాజన్‌కు ఫోన్ చేసేసరికే ప్రకటన వెళ్లిపోయింది. ఇంత చరిత్ర ఆ సగటు అంకె కింద కప్పబడిపోతుంది. ఆ రేటుకు డాలరు మార్చుకున్నవాళ్లు ఆ ఏడాది వెతికినా దొరకడం కష్టం.

ఇక రకం. బ్యాంకు రోజూ ఇచ్చే రేట్ల కాగితం ఒకసారి నిదానంగా చూడండి. ఒకే డాలరుకు నాలుగైదు వరుసలు కనిపిస్తాయి. ఖాతాకు నేరుగా వచ్చే సొమ్ముకు టీటీ బయింగ్, మీరు బయటికి పంపితే టీటీ సెల్లింగ్, చేతిలో నోట్లు మార్చుకుంటే ఇంకో రేటు. నోట్లను భద్రంగా దాచాలి, మోయించాలి, బీమా చేయించాలి కాబట్టి వాటి రేటు మనకు ఎప్పుడూ గిట్టుబాటు తక్కువే. అమెరికా కంపెనీ షేర్ల మీద డివిడెండు అందుకునే ఇక్కడి సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఈ తేడా బాగా తెలియాలి. 1962 నాటి ఆదాయపు పన్ను నిబంధనల్లో 115వది అడుగుతూ వచ్చింది స్టేట్ బ్యాంకు టీటీ బయింగ్ రేటు, అదీ డివిడెండు వచ్చిన నెలకు ముందు నెల ఆఖరి రోజుది. ఇంటర్నెట్‌లో ముందు కనపడిన అంకె వేస్తే లెక్క తప్పినట్టే.

చేతికొచ్చిందెంత అనడానికి 1992 మార్చి నుంచి ఏడాది పాటు నడిచిన పద్ధతిని మించిన ఉదాహరణ లేదు. అప్పుడు దేశంలో రెండు రేట్లు. ఎగుమతిదారు తెచ్చిన డాలర్లలో 40 శాతం అధికారిక రేటుకు, 60 శాతం మార్కెట్ రేటుకు మారేవి. అధికారికం 26, మార్కెట్ 30 అనుకుందాం. వంద డాలర్లు తెచ్చిన బెంగళూరు చిన్న కంపెనీకి 1,040, 1,800 కలిపి 2,840 రూపాయలు. అంటే దాని అసలు రేటు 28.40. ఆ రెండు రేట్లలో దేన్ని పట్టుకున్నా దాని కష్టార్జితం మనకు తప్పుగానే తెలుస్తుంది. 1993 మార్చిలో రెండూ కలిసి ఒకటయ్యాయి.

రెండు నాణేల మధ్య లెక్క కట్టుకోవడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా రూపాయి, బయట బ్రిటిషు కల్దారు రూపాయి. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. ఆ లెక్కన వంద కల్దార్లకు 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు. మన నూటపదహార్ల కానుకకు మూలం ఇదేనని చెప్పుకుంటారు.

ఒకే మార్పును రెండు రకాలుగానూ చెప్పవచ్చు. 1966 జూన్ 6న డాలరు 4.76 నుంచి 7.50కి చేరింది. రూపాయి విలువ 36.5 శాతం తగ్గిందన్నా నిజమే, డాలరు 57.5 శాతం పెరిగిందన్నా నిజమే. రెచ్చగొట్టాలనుకున్నవాళ్లు రెండోది చెబుతారు, సర్దిచెప్పాలనుకున్నవాళ్లు మొదటిది. జపాన్ 1949 నుంచి 1971 దాకా డాలరుకు 360 యెన్ల రేటుతోనే ప్రపంచం మెచ్చిన పరిశ్రమలు కట్టుకుంది. డాలరుకు ఎన్నొస్తాయన్న అంకె దేశం పరువుకు కొలత కానే కాదు.

ఇది పండితుల పట్టింపు అని ఎవరూ కొట్టిపారేయొద్దు. పిల్లను అమెరికా చదువుకు పంపే తల్లిదండ్రులు అప్పు ఎంత చేయాలో తేల్చుకునేది పాత రేట్ల నడక చూసే. సగం తెలిసిన అంకె పట్టుకుంటే ఆ భారం ఏళ్ల తరబడి ఇల్లే మోయాలి. అందుకే పాత రేటు ఎవరికి చెప్పినా తేదీతో, రకంతో సహా చెప్పండి. ఆ రెండూ లేని అంకె ఎంత ఆవేశంగా వచ్చినా మరొకరికి పంపకండి.